నేపాల్‌లో విద్యుత్తు, సాగునీరు ఒకే మంత్రిత్వ శాఖ కిందికి: పొలం స్థాయి అనుసంధానంపై ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

2025 జూలైలో నేపాల్ దక్షిణ మైదానంలోని మధేశ్ ప్రావిన్సులో వరినాట్ల అదను దాటిపోతున్నా వాన రాలేదు. నారుమళ్లలో నారు ముదిరిపోయింది. నాటిన మడులు బీటలు వారాయి. ఊళ్లలో చేతిపంపులు ఎండిపోయాయి. ఆ నెలలోనే ప్రభుత్వం ఆ ప్రావిన్సును విపత్తు సంక్షోభ ప్రాంతంగా ప్రకటించవలసి వచ్చింది. సరిగ్గా అదే కాలంలో ఉత్తరాన కొండల్లోని జలవిద్యుత్కేంద్రాలు వర్షాకాలపు ప్రవాహంతో నడుస్తున్నాయి. దేశ అవసరానికి మించిన విద్యుత్తు భారతదేశానికీ, ఆ సంవత్సరం జూన్ నుంచి భారత గ్రిడ్ మీదుగా బంగ్లాదేశ్‌కూ అమ్ముడవుతున్నది.

బీటలు వారిన మడికి నీరు చేర్చే బాధ్యత, అమ్ముడవుతున్న విద్యుత్తు బాధ్యత నేపాల్‌లో ఒకే శాఖవి. దాని పేరు ఇంధన, జలవనరులు, సాగునీటి మంత్రిత్వ శాఖ. మన దేశంలో కేంద్రంలో విద్యుత్తు ఒక శాఖ, జలశక్తి మరొక శాఖ. రాష్ట్రాల్లోనూ జలవనరుల శాఖ, ఇంధన శాఖ వేరువేరు కార్యాలయాలు. కాలువకు నీరు వదిలే రోజు, బోరుకు త్రీఫేజు కరెంటు ఇచ్చే వేళ ఒకరికొకరికి తెలియక రైతు నష్టపోయినప్పుడల్లా ఈ శాఖలు ఒక్కటైతే బాగుండునని మన సదస్సుల్లో వినిపించే మాటే. ఆ కలయికను ఒక దేశం చేసి చూపింది. అయితే కలిసిన చోటు సచివాలయంలో ఉన్నంత మాత్రాన అది పొలం దాకా రాదని ఆ దేశపు అనుభవం తెలుపుతున్నది. ఎక్కడ ఆగిపోయిందో, దాన్ని పొలం దాకా తేవడంలో విస్తరణ శాస్త్రవేత్తకు ఉన్న పాత్ర ఏమిటో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

శాఖ నిర్మాణం

ఈ కలయిక కొత్త ఆలోచన కాదు. 2009 వరకు నేపాల్‌లో జలవనరుల మంత్రిత్వ శాఖ ఒక్కటే ఉండేది. ఆ సంవత్సరం దాన్ని ఇంధన శాఖగా, సాగునీటి శాఖగా విడదీశారు. 2018లో సమాఖ్య రాజ్యాంగం ప్రకారం ఏర్పడిన ప్రభుత్వం శాఖల సంఖ్యను కుదించినప్పుడు సాగునీటి శాఖను రద్దుచేసి ఇంధన శాఖలో చేర్చింది. అంటే తొమ్మిదేళ్లలో ఒకసారి విడదీయడం, ఒకసారి కలపడం జరిగాయి. ఈ రెండు మార్పులకూ నదీ పరీవాహక ప్రాంతాల యాజమాన్యం కంటే మంత్రివర్గ నిర్మాణమే ముఖ్య కారణమని గుర్తుంచుకోవడం మంచిది.

శాఖ పరిధి విస్తృతమైనది. 1985లో ఏర్పడిన నేపాల్ విద్యుత్ ప్రాధికార సంస్థ ఉత్పత్తి, ప్రసారం, పంపిణీ మూడింటినీ చూస్తుంది. విద్యుత్ అభివృద్ధి విభాగం ప్రైవేటు ప్రాజెక్టులకు అనుమతి పత్రాలను పరిశీలిస్తుంది. జలవనరులు, సాగునీటి విభాగం కాలువలను, భూగర్భజల పథకాలను, నదుల గట్ల రక్షణను నిర్వహిస్తుంది. వర్షపాతం, నదుల మట్టం కొలిచి వరద హెచ్చరికలు జారీచేసే జల, వాతావరణ విభాగం కూడా ఈ గొడుగు కిందే ఉంది. గ్రామీణ సౌరశక్తి, సూక్ష్మ జలవిద్యుత్తు చూసే ప్రత్యామ్నాయ ఇంధన ప్రోత్సాహక కేంద్రం, 1981 నుంచి ప్రణాళికా సలహాలిచ్చే జల, ఇంధన సంఘం సచివాలయం కూడా ఉన్నాయి. వాన చినుకు పడిన చోటు నుంచి మోటారు స్టార్టరు దాకా కాగితం మీద అంతా ఒకే ఇంటిలో ఉన్నట్లే కనిపిస్తుంది.

కాని రెండు ముఖ్యమైన విషయాలు ఆ ఇంటి బయట ఉన్నాయి. మొదటిది పైరు. వ్యవసాయం, పశుసంవర్ధకం వేరే మంత్రిత్వ శాఖ కింద ఉన్నాయి. రెండవది స్థానిక పాలన. 2015 రాజ్యాంగం దేశాన్ని 7 ప్రావిన్సులుగా, 753 స్థానిక ప్రభుత్వాలుగా విభజించి చిన్న సాగునీటి పథకాలను, వ్యవసాయ విస్తరణను స్థానిక ప్రభుత్వాలకు అప్పగించింది. పాత జిల్లా వ్యవసాయాభివృద్ధి కార్యాలయాల స్థానంలో ప్రావిన్సుల కింద కృషి జ్ఞాన కేంద్రాలు వచ్చాయి. ఫలితంగా పైన రెండు శాఖలు ఒక్కటైన సమయంలోనే కింద విస్తరణ వ్యవస్థ అనేక ముక్కలైంది. ఈ రెండో మార్పును శాఖల విలీనంపై జరిగే చర్చల్లో తగినంతగా లెక్కలోకి తీసుకోవడం లేదని ఈ రచయిత అభిప్రాయం.

నదిని మెగావాట్లలో కొలవడం

నేపాల్ నదుల గురించి పాఠశాల విద్యార్థికి కూడా తెలిసిన అంకె 83,000 మెగావాట్లు. 1966లో హరిమాన్ శ్రేష్ఠ అనే ఇంజనీరు తన పరిశోధనలో అంచనా వేసిన సైద్ధాంతిక జలవిద్యుత్ సామర్థ్యం అది. ఆ నదులు ఎన్ని హెక్టార్లకు, ఏ నెలలో, ఎంత నీరు ఇవ్వగలవో తెలిపే అంకె ఏదీ అంతగా ప్రజల నోట నానలేదు. ఒక దేశం తన నదిని ఏ కొలమానంతో గుర్తుపెట్టుకుంటుందో దాని పెట్టుబడి కూడా అటువైపే సాగుతుంది.

ఈ మొగ్గుకు చారిత్రక కారణాలు ఉన్నాయి. 1911లో ఫర్పింగ్ వద్ద 500 కిలోవాట్లతో మొదలైన జలవిద్యుత్తు దశాబ్దాల తరబడి నత్తనడకన సాగింది. 2016 వరకు శీతాకాలంలో రోజుకు 18 గంటల దాకా విద్యుత్ కోత అనుభవించిన దేశమది. ఆ చీకటి నుంచి బయటపడిన ప్రజలకు మెగావాట్లే అభివృద్ధిగా కనిపించడం సహజం. విలీనం జరిగిన 2018లోనే మంత్రిత్వ శాఖ విడుదల చేసిన శ్వేతపత్రం పదేళ్లలో 15,000 మెగావాట్ల ఉత్పత్తిని లక్ష్యంగా ప్రకటించింది. తరువాతి ప్రణాళిక 2035 నాటికి 28,500 మెగావాట్లని చెప్పింది. 2021లో 456 మెగావాట్ల ఎగువ తామాకోశీ కేంద్రం పనిచేయడం ప్రారంభించాక వర్షాకాలంలో మిగులు ఏర్పడి, ఆ సంవత్సరం నవంబరు నుంచి భారత విద్యుత్ ఎక్స్ఛేంజిలో అమ్మకాలు మొదలయ్యాయి.

ఈ కేంద్రాల్లో అత్యధికం జలాశయం లేనివి. నదిలో ఆ పూట పారే నీటితోనే నడుస్తాయి. చెప్పుకోదగ్గ నిల్వ ఉన్నది 1982లో మొదలైన కులేఖానీ ఒక్కదానికే. అందువల్ల వర్షాకాలంలో మిగులు, శీతాకాలంలో కొరత, భారతదేశం నుంచి దిగుమతి తప్పవు. విద్యుత్తు కొనుగోలు ధరలు ఈ తేడాను స్పష్టంగా చూపుతాయి. 2017 నాటి విధానం ప్రకారం ప్రవాహాధార కేంద్రానికి యూనిట్‌కు వర్షాకాలంలో 4.80, పొడి నెలల్లో 8.40 నేపాలీ రూపాయలు. నిల్వ ఉన్న కేంద్రానికి పొడి నెలల్లో 12.40. పొడి నెలల నీటి విలువ ఎంతో ఈ ధరలు పైసలతో సహా చెబుతున్నాయి. గోధుమకు రెండో తడి పెట్టవలసిన పుష్యమాసపు నీటికి సాగునీటి వైపు అలాంటి ధర ఏదీ లేదు. కాలువ నీటికి వసూలయ్యే రుసుము నామమాత్రం. అది కూడా విస్తీర్ణాన్ని బట్టి వేసేదే కాని పరిమాణాన్ని, కాలాన్ని బట్టి వేసేది కాదు.

చట్టం మాత్రం వేరుగా చెబుతుంది. 1992 నాటి జలవనరుల చట్టం నీటి వినియోగానికి ప్రాధాన్య క్రమం నిర్ణయించింది: మొదట తాగునీరు, గృహావసరాలు, తరువాత సాగునీరు, ఆ తరువాత పశుపోషణ, చేపల పెంపకం వంటి వ్యవసాయ అవసరాలు, నాలుగవ స్థానంలో జలవిద్యుత్తు. చట్టంలో సాగునీరు విద్యుత్తు కంటే రెండు మెట్లు పైన ఉంది. ధరలో, కొలతలో, పెట్టుబడిలో మాత్రం వరుస తలకిందులుగా ఉంది. నదిని సొరంగంలోకి మళ్లించిన చోట దిగువకు కనీస నెలసరి ప్రవాహంలో 10 శాతమైనా వదలాలని 2001 జలవిద్యుత్ విధానం చెప్పింది. ఆ పది శాతం చేపలకు చాలుతుందా అన్న చర్చ ఎక్కువగా వినిపిస్తుంది. ఎండిపోయిన ఆ నిడివిలో నది ఒడ్డు నుంచి చిన్న కాలువ తవ్వుకున్న రైతుకు నీటిమట్టం అందుతుందా అన్న ప్రశ్న అరుదు. ప్రవాహం పరిమాణం సరిపోయినా మట్టం తగ్గితే ఆ కాలువలోకి నీరు ఎక్కదు.

ఒకే సొరంగం, రెండు పనులు

విద్యుత్తు, సాగునీరు నిజంగా ఒకే కట్టడంలో కలిసిన ఉదాహరణలు రెండు ఉన్నాయి. మొదటిది భేరీ-బబయీ మళ్లింపు పథకం. నీరు ఎక్కువగా ఉండే భేరీ నది నుంచి సెకనుకు 40 ఘనమీటర్ల నీటిని 12.2 కిలోమీటర్ల సొరంగం ద్వారా బబయీ నదిలోకి మళ్లించి, దారిలో సుమారు 46 మెగావాట్లు ఉత్పత్తిచేసి, బాంకే, బర్దియా జిల్లాల్లో 51,000 హెక్టార్లకు అందించాలన్నది లక్ష్యం. నేపాల్‌లో తొలిసారి సొరంగ తవ్వక యంత్రం వాడి అనుకున్న గడువుకు ముందే 2019 ఏప్రిల్‌లో సొరంగాన్ని పూర్తిచేశారు. రెండవది సున్‌కోశీ-మరిన్ పథకం. సెకనుకు 67 ఘనమీటర్లను 13.3 కిలోమీటర్ల సొరంగంతో మళ్లించి మధేశ్‌లోని బారా, రౌతహట్, సర్లాహీ, మహోత్తరీ, ధనుషా జిల్లాల్లో 1,22,000 హెక్టార్లకు ఇవ్వాలని దీని ఉద్దేశం. దీని సొరంగం 2024 మేలో అవతలికి తేలింది.

ఈ అంకెలను విద్యార్థులు ఒక్కసారి పైరు భాషలోకి మార్చి చూడాలి. 40 ఘనమీటర్లు రోజుకు 34.56 లక్షల ఘనమీటర్లవుతుంది. 51,000 హెక్టార్లపై సమంగా పరిస్తే రోజుకు 6.8 మిల్లీమీటర్లు. కాలువల్లో, పొలంలో సగం నష్టపోతుందనుకుంటే వేరుకు చేరేది 3.4 మిల్లీమీటర్లు. ఇదే లెక్క సున్‌కోశీ-మరిన్‌కు వేస్తే సొరంగం చివర 4.7, వేరు వద్ద 2.4 మిల్లీమీటర్లు. శీతాకాలపు గోధుమకు, ఆవాలకు, మసూరుకు ఇది చాలినంత నీరు. దమ్ము చేసి నిలువనీరు పెట్టే వరికి, అందులోనూ చైత్రంలో నాటే ‘చైతే’ వరికి, మొత్తం ఆయకట్టులో ఇది చాలదు. అంటే ఈ సొరంగాల అసలు బహుమతి రబీ. కాని పథకం గురించి ఊళ్లలో ఉన్న ఆశ వరి గురించే. ఆ ఆశకూ ఈ అంకెకూ మధ్య ఉన్న దూరాన్ని నీరు వచ్చాక కాకుండా ముందే రైతులతో చర్చించవలసింది ఎవరు? ఇంజనీరు పని గేటు దగ్గర ముగుస్తుంది. పంటల సరళిని మాట్లాడే విస్తరణాధికారి వేరే శాఖలో, వేరే ప్రభుత్వ స్థాయిలో ఉన్నాడు.

రెండు ప్రయోజనాల మధ్య వైరుధ్యం ఇక్కడ నీటి పరిమాణంలో లేదు. టర్బైను తిప్పిన నీరే కాలువకు పోతుంది. వైరుధ్యం కాలంలో ఉంది. విద్యుత్కేంద్రం ఏడాది పొడవునా ఒకే స్థాయి ప్రవాహాన్ని కోరుతుంది. పొలం దమ్ములప్పుడు ఎక్కువ, కోతలప్పుడు సున్నా కోరుతుంది. శ్రావణంలో బబయీకి సొంత నీరే పుష్కలం. అప్పుడు భేరీ నీరు విద్యుత్తుకు ఉపయోగపడినా పొలానికి ఒండ్రు, మురుగు సమస్య తెస్తుంది. ఈ కాలపట్టికను ఎవరు నిర్ణయిస్తారో నీరు పారకముందే రాసి పెట్టుకోవాలి. మరొక మాట. భేరీ-బబయీ సొరంగం 2019లో పూర్తయినా 2024 నాటికి కూడా నది వద్ద హెడ్‌వర్క్స్, విద్యుత్కేంద్రం పూర్తికాక దానిలో నీరు పారలేదు. రెండు పనులు ముడిపడిన చోట ఒకటి ఆగితే రెండూ ఆగుతాయి. విడివిడిగా ఉన్నప్పుడు లేని ఈ ప్రమాదాన్ని సమీకృత పథకాలను మెచ్చుకునేవారు గమనించాలి.

పొరుగునే ఉన్న సిక్టా పథకం నేల శాస్త్రజ్ఞులకు వేరే పాఠం. పశ్చిమ రాప్తీ నీటిని 42,766 హెక్టార్లకు ఇవ్వాలనుకున్న ఆ పథకంలో 2016లో నీరు వదిలి చూడగా ప్రధాన కాలువ గట్లు పలుచోట్ల తెగాయి. అక్కడి మట్టి తడిస్తే చెదిరి కొట్టుకుపోయే స్వభావం కలది. ఉప్పు, చౌడు నేలల్లో పనిచేసిన ఎవరికైనా తెలిసిన లక్షణమిది. ఒక గాజు గ్లాసెడు నీటిలో మట్టిగడ్డ వేసి చూస్తే బయటపడుతుంది.

రైతుల కులోలు

నేపాల్ సాగునీటి గురించి ప్రపంచానికి తెలిసింది ఈ పెద్ద కాలువల వల్ల కాదు. ప్రభుత్వం సప్తరీ జిల్లాలో చంద్ర కాలువను నిర్మించింది 1920లలో. అంతకు ఎన్నో తరాల ముందు నుంచి రైతులు కొండవాగులకు అడ్డంగా రాళ్లు, కొమ్మలు, మట్టితో కట్టలు వేసి ‘కులో’ అనే కాలువలు తవ్వుకున్నారు. దేశంలో సాగునీరందే విస్తీర్ణంలో పెద్ద భాగం నేటికీ ఇలాంటి రైతు నిర్వహణ వ్యవస్థల కిందే ఉంది.

పాల్పా జిల్లాలోని రెండు కులోలు పరిశోధకులకు సుపరిచితం. అర్గలీ రాజ్‌కులోలో నీటి పంపకం భూమి విస్తీర్ణాన్ని బట్టి జరుగుతుంది. చెర్లుంగ్ ఠూలో కులోలో కాలువ తవ్వినప్పుడు పెట్టిన పెట్టుబడిని బట్టి నీటి వాటాలు ఏర్పడ్డాయి. ఆ వాటాలను భూమితో సంబంధం లేకుండా కొనవచ్చు, అమ్మవచ్చు. వాటాకు ధర ఉన్నందువల్ల నీరు పొదుపు చేసిన రైతుకు లాభం దక్కి, అక్కడ ఆయకట్టు విస్తరించింది. రెండుచోట్లా పంపకానికి వాడేది ‘సాచో’ అనే కొయ్యదుంగ. వాటాల నిష్పత్తిలో గాట్లు పెట్టిన ఆ దుంగను కాలువకు అడ్డంగా పెడితే వాగులో నీరు పెరిగినా తగ్గినా ప్రతి పిల్లకాలువకు తన భాగం వెళ్తుంది. మన చెరువుల కింద నీరటి చేసిన పనిలో సగం ఆ దుంగ చేస్తుంది. రూపందేహీ జిల్లాలో తినావ్ నది కింద థారూ రైతులు నిర్మించిన ఛత్తీస్ మౌజా మైదానపు ఉదాహరణ. పేరుకు 36 గ్రామాలు. నేడు అంతకు మించి ఉన్నాయి. నీటి హక్కు కట్ట మరమ్మతుకు మనుషులను పంపే బాధ్యతతో ముడిపడి ఉంటుంది.

2009లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన ఎలినార్ ఆస్ట్రమ్, ఆమె సహచరులు నేపాల్‌లోని రైతు నిర్వహణ, ప్రభుత్వ నిర్వహణ వ్యవస్థలను పెద్ద సంఖ్యలో పోల్చి చూశారు. కట్టడాల నాణ్యతలో ప్రభుత్వ వ్యవస్థలు మెరుగైనా, చివరి భూములకు నీరందడంలో, పంటల సాంద్రతలో రైతుల వ్యవస్థలే ముందున్నట్లు తేలింది. దీనికి వారిచ్చిన వివరణ విస్తరణ విద్యార్థులు ప్రత్యేకంగా అధ్యయనం చేయదగినది. కొమ్మలు, రాళ్ల కట్ట ఏటా వరదకు కొట్టుకుపోతుంది. దాన్ని తిరిగి కట్టడానికి ఎగువ రైతుల శ్రమ చాలదు. దిగువ రైతులు కూడా రావాలి. ఆ శ్రమే దిగువ రైతు చేతిలోని బేరం. నీరు ఇవ్వకపోతే వచ్చే ఏడు అతడు పారతో రాడు. బయటి నిధులతో శాశ్వత కాంక్రీటు కట్ట వచ్చాక ఎగువ రైతుకు దిగువ రైతు అవసరం తీరిపోతుంది. కట్ట బలపడి, ఒప్పందం బలహీనపడుతుంది.

కైలాలీ జిల్లాలో కర్ణాలీ నది కింద థారూలు తవ్వుకున్న రాణీ, జమరా, కులరియా కాలువలకు ప్రభుత్వం శాశ్వత తలకట్టు నిర్మించి ఆధునికీకరిస్తున్నది. ఆయకట్టు లక్ష్యం 38,300 హెక్టార్లు. ‘బడ్‌ఘర్’ అనే గ్రామపెద్ద పిలుపుపై వందలాది మంది కదిలిన శ్రమ వ్యవస్థ స్థానంలో ఏది వస్తుందన్నది అక్కడ కాంక్రీటు కంటే పెద్ద ప్రశ్న.

ఇది తెలుగు పాఠకునికి అపరిచితమైన ప్రశ్న కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లో రైతుల నిర్వహణలో సాగునీటి వ్యవస్థల చట్టం తెచ్చి పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలను ఎన్నికల ద్వారా ఏర్పరచింది. నేపాల్‌లో హక్కు శ్రమ నుంచి పుట్టి, సంఘం హక్కు నుంచి పుట్టింది. మన దగ్గర సంఘం చట్టం నుంచి పుట్టింది. నీటి వాటా ఏమిటో చాలాచోట్ల రాయబడనే లేదు. ఎన్నికలు ఆగితే సంఘం ఆగిపోవడానికి ఇది ఒక కారణం. రెండు దేశాల విస్తరణ సిబ్బంది ఒకరి నుంచి ఒకరు నేర్చుకోదగిన మొదటి అంశం ఇదేనని చెప్పవచ్చు.

తరాయిలో బోరు, మోటారు

విద్యుత్తు, సాగునీరు పొలంలో నేరుగా కలిసే చోటు కాలువ కాదు, బోరు. నేపాల్ తరాయి గంగా మైదానపు ఒండ్రునేల. అనేక ప్రాంతాల్లో కొద్ది మీటర్ల లోతులోనే నీరు దొరుకుతుంది. అయినా అక్కడి రైతుల్లో చాలామంది ఇప్పటికీ డీజిల్ ఇంజను మీదే ఆధారపడతారు. ఇంజను లేని చిన్న రైతు, కౌలుదారు గంటకు ఇంత అని అద్దె చెల్లించి తోడించుకుంటారు. వాన ఆలస్యమైన ఏడు ఆ అద్దె భరించలేకే నాట్లు వాయిదా వేస్తారు.

ఒక హెక్టారుకు 10 సెంటీమీటర్ల తడి ఇవ్వాలంటే 1,000 ఘనమీటర్ల నీరు కావాలి. మొత్తం ఎత్తు 10 మీటర్లు అనుకుంటే సిద్ధాంతరీత్యా కావలసిన శక్తి 27 యూనిట్లు. మోటారు, పంపు కలిపి 40 శాతం సామర్థ్యంతో పనిచేస్తే సుమారు 68 యూనిట్లు. లక్ష హెక్టార్లకు 68 లక్షల యూనిట్లు. 100 మెగావాట్లను 68 గంటలు, అంటే మూడు రోజులకు కాస్త తక్కువ కాలం అమ్మితే సరిహద్దు దాటే విద్యుత్తు ఇది. అదే తడిని సెకనుకు 10 లీటర్లు తోడుతూ గంటకు ఒక లీటరు డీజిల్ తాగే ఇంజనుతో ఇస్తే హెక్టారుకు 28 గంటలు, 28 లీటర్లు. ఆ డీజిల్ ప్రతి చుక్కా దిగుమతి.

ఎగుమతి తప్పని ఈ లెక్క చెప్పడం లేదు. వరి నాట్లను కాపాడడానికి కావలసిన విద్యుత్తు మిగులులో చిన్న భాగమని మాత్రమే చెబుతున్నది. 2025 జూలైలో మధేశ్ రైతుకు అడ్డుపడింది ఉత్పత్తి కొరత కాదు. పొలాల మధ్యకు పోని లైన్లు, చాలని ట్రాన్స్‌ఫార్మర్లు, భూమి పట్టా లేక వ్యవసాయ మీటరు పొందలేని కౌలుదారు స్థితి అడ్డుపడ్డాయి. ప్రసార లైన్లకు, ఎగుమతి ఒప్పందాలకు మంత్రిత్వ శాఖలో పేరున్న అధికారులు ఉంటారు. బోరు దగ్గరి కరెంటు స్తంభం సాగునీటి పనా, విద్యుత్ పనా అన్నది విలీనం తరువాత కూడా తేలలేదు.

ఇక్కడ మన అనుభవం ఒక హెచ్చరిక. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చింది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో అది 24 గంటల సరఫరా అయింది. రైతుకు కలిగిన ఊరటను ఎవరూ కాదనలేరు. కాని రాతినేలల్లో పగుళ్లలో నిలిచే కొద్దిపాటి నీటిని తోడడానికి మీటరు లేని మోటారు దొరికాక బోర్ల లోతు ఏటా పెరుగుతూ పోయింది. తరాయి ఒండ్రునేల అంత పేదది కాదు. వర్షాకాలంలో తిరిగి నిండే గుణం దానికి ఉంది. అయితే దాన్ని నింపేది కొండల పాదాల వద్ద గులకరాళ్ల నేలగా ఉండే భాబర్ పట్టీ. దాని పైనున్న చురే కొండల్లో అడవి నరికివేత, నదుల్లో ఇసుక, కంకర తవ్వకం ఆ పునర్భరణాన్ని దెబ్బతీస్తున్నాయన్న ఆందోళన చాలాకాలంగా ఉంది. చేతిపంపులు ఎండిన ఏడాది దానికి జవాబుగా లోతైన బోర్లు మాత్రమే వేస్తూ పోతే, నిస్సారమైన పొరపై ఆధారపడిన ఇళ్లు మరింత నష్టపోతాయి.

దీనికి మన దగ్గరే పరీక్షించిన పద్ధతి ఒకటి ఉంది. 2000 దశకంలో అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, మహబూబ్‌నగర్, నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో నడిచిన రైతు నిర్వహణ భూగర్భజల వ్యవస్థల పథకంలో రైతులే వర్షమాపకం చూశారు, పరిశీలన బోర్లలో నీటిమట్టం కొలిచారు, బకెట్టు, గడియారంతో బోరు ప్రవాహం లెక్కించారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని ఉన్న నీరెంత, వేయదలచిన పంటలకు కావలసిన నీరెంత అని బడ్జెటు వేశారు. నీటి వాడకంపై నిషేధం ఏదీ విధించలేదు. లెక్క చూసిన రైతుల్లో చాలామంది తమంతట తామే వరి తగ్గించి ఇతర పంటలకు మళ్లారు. విద్యుత్తు పొలానికి చేరే ముందు ఈ పని జరిగితే తరాయికి మన పొరపాటు పునరావృతం కాదు. విద్యుత్తు చేరిన తరువాత మొదలుపెడితే ఏమవుతుందో మన జిల్లాలే సాక్ష్యం.

విస్తరణ పరిశోధనకు కొన్ని అంశాలు

స్నాతకోత్తర విద్యార్థులు ఈ విషయంలో చేపట్టదగిన పని ఎక్కువగా కొలతలకు సంబంధించినది. పిల్లకాలువ తల వద్ద, చివర వద్ద వి-గాటు పలక పెట్టి ఒక పంటకాలం మొత్తం ప్రవాహం నమోదు చేస్తే, ఆ కాలువకు ఎంత నీరు వచ్చిందో సంఘం ప్రభుత్వాన్ని అంకెతో అడగగలుగుతుంది. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న మోటార్లకు మీటర్లు పెట్టి పంటవారీగా, తడివారీగా యూనిట్లు రాసుకుంటే విద్యుత్తు, నీరు అనే రెండు లెక్కలు ఒకే పుస్తకంలోకి వస్తాయి. శ్రీశైలం, నాగార్జునసాగర్ వంటి చోట్ల విద్యుదుత్పత్తికి వదిలిన నీటి రోజువారీ వివరాలను దిగువ ఆయకట్టులో నాట్ల తేదీలతో పోల్చి చూడడం మన రాష్ట్రాల్లోనే చేయదగిన అధ్యయనం. నేపాల్ విషయంలో అదే పోలిక భేరీ-బబయీలో నీరు పారిన మొదటి సంవత్సరం నుంచే ప్రారంభించడం మేలు. అప్పటికి బాంకే, బర్దియా రైతులు సొరంగం రాకముందు ఏ పంట ఏ తేదీన వేసేవారో నమోదై ఉండాలి. ఆ సర్వేకు నీరు పారేవరకు వేచి ఉండవలసిన పనిలేదు.